తాబేలు ముందు కర్ర పెట్టకండి

ఈసారి కొంచెం కోపంతో రాస్తున్నాను. నా తెలుగు ఆ కోపానికి సరిపోతుందో లేదో తెలియదు. కోపం వస్తే నాకు ఇప్పటికీ మలయ్ మాటలే ముందు నోటికొస్తాయి. అయినా ఇది తెలుగులోనే రాయాలి, ఎందుకంటే ఇది ముందు చదవాల్సింది మా ఇంట్లోవాళ్ళే.

పోయిన వారం మా అక్క కొడుకు వాట్సాప్‌లో ఒక ప్రశ్న పంపాడు. స్కూలు సెలవులకు స్నేహితులతో పెర్హెంతియాన్ దీవులకు వెళ్తున్నాడు. కొత్త యాక్షన్ కెమెరా కొన్నాడు. "మావయ్యా, నీళ్ళలోకి ఏ స్టిక్ కొనమంటారు? మీటరుదా, ఇంకా పొడుగుదా? మీరు తీసినట్టే తాబేలు ముఖం బాగా దగ్గరగా రావాలి" అని అడిగాడు.

"మీరు తీసినట్టే" అన్న చోట ఆగిపోయాను.

ఆ వీడియో నేను తీసిందే. పెర్హెంతియాన్ తెలియనివాళ్ళకు చెప్తాను. మలేషియా తూర్పు తీరంలో, తెరెంగాను రాష్ట్రంలో ఉన్న చిన్న దీవులవి. కువాలా బెసుట్ రేవు నుంచి పడవలో వెళ్ళాలి. చుట్టూ ఉన్న సముద్రం మెరైన్ పార్కు. ఒక తీరం దగ్గర సముద్రపు గడ్డి పెరుగుతుంది, ఆ గడ్డి తినడానికి పచ్చ తాబేళ్ళు వస్తాయి. అవి ఎక్కడ మేస్తాయో పడవవాళ్ళందరికీ తెలుసు. నేను వెళ్ళిన రోజున ఒక్క తాబేలు చుట్టూ మూడు పడవల జనం దిగాం. అందరికీ లైఫ్ జాకెట్లు, చాలామంది చేతుల్లో సెల్ఫీ కర్రలు. నా కర్ర అన్నిటికంటే పొడుగు. అప్పుడు నాకు అది గర్వంగా ఉంది.

తాబేలు మేత ఆపి పైకి రావడం మొదలుపెట్టింది. నేను కర్రను నీళ్ళలోకి దించి దాని ముఖానికి ఎదురుగా పట్టుకున్నాను. అది నేరుగా కెమెరా వైపే వచ్చింది. ముఖం ఫ్రేమ్ నిండా వచ్చింది, కన్ను కూడా బాగా కనిపించింది. తర్వాత అది పక్కకు తిరిగి మళ్ళీ కిందకు పోయింది. నేను తల ఎత్తి "దొరికింది!" అని అరిచాను.

ఇంటికొచ్చి పెద్ద టీవీలో చూశాక అర్థమైంది. అది పైకి వచ్చింది ఊపిరి కోసం. తాబేలుకు మొప్పలు లేవు, మనలాగే గాలి పీల్చాలి. అడుగున కదలకుండా పడుకుంటే గంటల తరబడి ఉండగలదు కానీ, తిరుగుతూ మేస్తున్నప్పుడు కొన్ని నిమిషాలకోసారి పైకి రావాల్సిందే. అది పైకి వచ్చే దారిలో నేను ఒక కర్ర అడ్డం పెట్టాను. అది గాలి పీల్చకుండానే వెనక్కి తిరిగింది. వీడియోలో ఇరవై సెకన్ల తర్వాత, ఫ్రేమ్ చివర, దూరంగా మళ్ళీ పైకి వెళ్ళడానికి ప్రయత్నిస్తుంది. అక్కడ ఇంకొకరి కర్ర ఉంది.

ఆ చివరి ముక్క కత్తిరించేసి మిగతాది ఫ్యామిలీ గ్రూపులో పెట్టాను. నేను ఇంతవరకు తీసిన అన్నిట్లో దానికే ఎక్కువ మెచ్చుకోళ్ళు వచ్చాయి. పెద్దమ్మ "దేవుడే కనిపించినట్టుంది నాయనా" అని రాసింది. కత్తిరించిన ముక్క గురించి ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు మేనల్లుడు అదే షాట్ కోసం కర్ర కొంటున్నాడు. అందుకే ఇది రాస్తున్నాను.

నేను చెప్పేది ఒక్కటే. నీళ్ళ మీద తేలుతూ చూసేవాళ్ళకు సెల్ఫీ కర్ర అక్కర్లేదు. తాబేలు దగ్గర అయితే అది తప్పు. పైగా దానితో వచ్చే వీడియో కూడా మంచిది కాదు. ఈ చివరి మాట ఎవరూ నమ్మరు కాబట్టి అక్కడే ఎక్కువసేపు ఉంటాను.

ముందు ఎదుటివాళ్ళ వాదనలో నిజం ఉన్న చోటు ఒప్పుకోవాలి. నీళ్ళలో వీడియో తీయడం నేర్పేవాళ్ళందరూ మొదట చెప్పే సలహా "దగ్గరికి వెళ్ళు". అది నిజమే. నీళ్ళు వెలుగును తినేస్తాయి, అందులో ఎరుపును అన్నిటికంటే ముందు. ఐదు మీటర్ల లోతుకు వెళ్ళేసరికి ఎరుపు చాలావరకు పోయి, ఎర్ర చేప కూడా గోధుమ రంగుగానో బూడిద రంగుగానో కనిపిస్తుంది. ఇక్కడ చాలామంది మర్చిపోయే లెక్క ఒకటుంది. లోతు ఒక్కటే లెక్క కాదు. వెలుగు పైనుంచి తాబేలు దాకా రావాలి, అక్కడినుంచి మళ్ళీ కెమెరా దాకా రావాలి. తాబేలు 4 మీటర్ల లోతులో ఉండి కెమెరా దానికి 3 మీటర్ల దూరంలో ఉంటే, ఆ వెలుగు దాదాపు 7 మీటర్ల నీళ్ళు దాటినట్టు. నీళ్ళలో తేలే నలుసులు కూడా దూరం పెరిగేకొద్దీ బొమ్మను మసక చేస్తాయి. కాబట్టి దగ్గరికి వెళ్తే రంగు, స్పష్టత రెండూ పెరుగుతాయి. ఒప్పుకుంటున్నాను.

కానీ ఆ సలహా పగడానికి, రాయికి, పీతకు, కదలకుండా ఉండే వాటికి చెప్పింది. తాబేలుకు దాన్ని వాడితే రెండు రకాలుగా చెడుతుంది. హవాయిలో అధికారులు సముద్రపు తాబేళ్ళకు కనీసం 10 అడుగుల దూరం ఉండమని చెప్తారు. అంటే సుమారు 3 మీటర్లు. ఆ 3 మీటర్ల నుంచి ఏం వస్తుందో చూద్దాం అని నేను ఈత కొలనులో టేపు పెట్టి కొలిచాను. (లైఫ్‌గార్డ్ నన్ను పిచ్చివాడిలా చూశాడు.) నీళ్ళలో కెమెరా చూపు కోణం గాలిలో కంటే ఇరుకవుతుంది, గాజు దగ్గర వెలుగు వంగడం వల్ల. లీనియర్ మోడ్‌లో నా కెమెరాకు 3 మీటర్ల దూరంలో సుమారు 4 మీటర్ల వెడల్పు కనిపించింది. పెద్ద పచ్చ తాబేలు డిప్ప ఒక మీటరు ఉంటుంది. అంటే ఫ్రేమ్‌లో నాలుగో వంతు.

"నాలుగో వంతేనా, చిన్నగా ఉంటుంది కదా" అంటారు. సరే, ఇంకో లెక్క. మనం ఇప్పుడు కొనే కెమెరాలన్నీ 4కే తీస్తాయి. దాని వెడల్పు 3840 పిక్సెల్స్. మనం ఫోనులో చూసేది, గ్రూపులో పంపేది చాలావరకు 1920 వెడల్పే, లేదా అంతకంటే తక్కువ. కాబట్టి ఇంటికొచ్చాక మధ్యలో సగం కత్తిరించుకున్నా ఏమీ పోదు. ఇప్పుడు తాబేలు ఫ్రేమ్‌లో సగం అయింది. అంతకంటే పెద్దది ఎందుకు? మీకు కావాల్సిన కర్ర మీరు కొన్న కెమెరాలోనే ఉంది, దానికి డబ్బు ఇప్పటికే కట్టారు.

ఇక కర్ర చేసే పని చూడండి. నీళ్ళు బరువైనవి. ఒక మీటరు కర్ర చివర కెమెరా పెట్టి నీళ్ళలో అటూ ఇటూ తిప్పితే నీళ్ళు దాన్ని తోస్తాయి, మణికట్టు వణుకుతుంది, చివర ఆ వణుకు ఎన్నో రెట్లు అవుతుంది. కెమెరాలో ఉన్న స్టెబిలైజేషన్ దాన్ని సరిచేయడానికి ఫ్రేమ్ అంచులు కోసేస్తుంది. రెండు చేతులతో పట్టుకొని మోచేతులు ఒంటికి ఆనించి తీసిన వీడియో పక్కన పెట్టి చూడండి, మళ్ళీ కర్ర ముట్టరు. పైగా కర్ర చివర ఉన్న తెర మీకు కనిపించదు. ఏం తీస్తున్నారో తెలియకుండా తీస్తారు. కళ్ళు కర్ర మీద ఉంటే కాళ్ళు ఎక్కడున్నాయో తెలియదు. గుండ్రంగా పెరిగే పోరైటిస్ పగడం ఏడాదికి సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. మీ ఫిన్ తగిలి విరిగిన ముక్క మీ వయసుదై ఉండొచ్చు.

మా తాతయ్య బాగాన్ దాతుక్ వైపు ఎస్టేటులో పామాయిల్ గెలలు కోసేవాడు. చేతిలో పొడుగు గెడ, చివర కొడవలి. దాన్ని మలయ్‌లో గలా అంటారు, మా ఇంట్లో గెడ, గలా రెండూ కలిపి వాడేవాళ్ళు. ఆ గెడ పొడుగ్గా ఉండాల్సిన కారణం చెట్టు. చెట్టు తన గెల దగ్గరికి తీసుకురాదు కదా. తాబేలు తానే పైకి వస్తుంది. మనం అడ్డం లేకపోతే చాలు.

"కర్ర ఉంటే మనిషి దూరంగా ఉంటాడు, కెమెరా మాత్రమే దగ్గరికి వెళ్తుంది, తాబేలుకు అదే మంచిది కదా" అని మా బావ వాదించాడు. వినడానికి బాగుంది. నేను చూసినంతలో ఎవరూ కర్రను దూరంగా ఉండడానికి వాడలేదు. చేయి చాచినంత దూరం వెళ్ళాక ఇంకో మీటరు ముందుకు వెళ్ళడానికి వాడారు. నేనూ అంతే. తాబేలుకు చేయి, కర్ర, కెమెరా అని తేడా లేదు. ముఖం ముందుకు ఒక వస్తువు వచ్చింది, దారి మూసుకుపోయింది, అంతే దానికి తెలిసేది.

స్కూబా చేసేవాళ్ళు చిన్న కర్రలు వాడతారు, రాతి సందులో ఉన్న ఈల్‌ను తీయడానికి. వాళ్ళకు తేలడం, ఆగడం వచ్చు. వాళ్ళతో నాకు గొడవ లేదు. నా గొడవ లైఫ్ జాకెట్ వేసుకొని మొదటిసారి నీళ్ళలో దిగి, చేతిలో ఈటె పట్టుకున్నట్టు కర్ర పట్టుకునే మనతోనే.

మరి డబ్బు దేనికి ఖర్చు పెట్టాలి? మొదట, తేలే పిడి. నారింజ రంగుదో పసుపుదో. ఈ కెమెరాలు నీళ్ళలో రాయిలా మునుగుతాయి. పిడి ఉంటే చేయి జారినా పైకి వస్తుంది, దూరం నుంచి కనిపిస్తుంది. (స్కూబాకు మాత్రం ఇది పనికిరాదు, లోపల అది పైకి లాగుతూనే ఉంటుంది.) దానితో పాటు మణికట్టు తాడు, పొట్టిది. పొడుగు తాడుకు వేలాడే కెమెరా పగడాలకు కొట్టుకుంటుంది.

నీళ్ళ పెట్టె కావాలా అని అడుగుతారు. గోప్రో హీరో 5 నుంచి పెట్టె లేకుండానే 10 మీటర్లు దిగొచ్చు. డీజేఐ వాళ్ళ ఓస్మో యాక్షన్ 4 అయితే 18 మీటర్లు. పైన తేలేవాళ్ళకు అది చాలు. కానీ బ్యాటరీ తలుపు దగ్గర రబ్బరు మీద ఒక్క వెంట్రుక, ఒక్క ఇసుక రేణువు ఉన్నా నీళ్ళు లోపలికి పోతాయి. పడవ ఎక్కే ముందు గదిలోనే మూసేయండి, మళ్ళీ మంచినీళ్ళతో కడిగి ఆరేదాకా తెరవకండి. పడవ మీద, తడి చేతులతో, ఊగుతూ బ్యాటరీ మార్చి కెమెరా పోగొట్టుకున్నవాళ్ళు నాకు ఇద్దరు తెలుసు. ఒకరు మా ఆవిడ. ఆ పేరు ఇంతటితో ఆపుతాను.

ఎర్ర ఫిల్టరు గురించి. అది పోయిన ఎరుపును తిరిగి తేదు, మిగిలిన నీలాన్ని తగ్గిస్తుంది, అంతే. దానివల్ల వెలుగు కూడా తగ్గుతుంది. మూడు నాలుగు మీటర్ల కంటే పైన వాడితే అందరూ రోజ్ సిరప్ బండుంగ్‌లో ఈదుతున్నట్టు గులాబీగా వస్తారు. లైఫ్ జాకెట్‌తో తేలేవాళ్ళకు అది దండగ. వైట్ బ్యాలెన్స్ ఇంట్లో సరిచేసుకోవచ్చు. లైట్లు ఇంకా దండగ. పగటిపూట పైనీళ్ళలో సూర్యుడి ముందు ఆ చిన్న లైటు ఏం చేస్తుంది? లెన్స్ పక్కనే లైటు ఉంటే ముందున్న నలుసులన్నీ వెలిగి మంచు కురిసినట్టు కనిపిస్తుంది. పైగా ఆ వెలుగు తాబేలు కంట్లోకి. గుండ్రని డోమ్ మాత్రం నాకు ఇష్టమే, సగం నీళ్ళు సగం ఆకాశం ఉన్న షాట్లకు. అది కూడా తర్వాత కొనుక్కోవచ్చు. మిగిలిన డబ్బు మంచి మాస్క్‌కు పెట్టండి. మాస్క్‌లోకి నీళ్ళు కారేవాడు ఏ ఫ్రేమూ చూడలేడు.

ఇప్పుడు ఫ్రేమ్. నిఘంటువులో దీనికి చట్రం అని ఉంది. మా అమ్మను అడిగితే "తలుపు చట్రమా?" అంది. నేను ఫ్రేమ్ అనే రాస్తాను.

మన తాబేలు వీడియోల్లో పెద్ద తప్పు కోణం. మనం పైన తేలుతాం, అది కింద మేస్తుంది, కెమెరా నేరుగా కిందకు చూస్తుంది. ఫలితం: ఇసుక మీద ఒక డిప్ప. బావిలో పడిన గిన్నెను పైనుంచి చూసినట్టు. ముఖం లేదు, లోతు లేదు, సముద్రం ఎక్కడా లేదు. దాన్ని బాగుచేయడానికే అందరూ కర్ర కొంటారు. నాకు తెలిసిన ఇంకో దారి ఉంది, దానికి పైసా ఖర్చు లేదు.

తాబేలు మీదకు వెళ్ళకండి. పక్కకు వెళ్ళండి, 3 మీటర్లకు తగ్గకుండా. దాని వెనక నుంచి తరమకండి, ముందు దారిలో నిలబడకండి. సూర్యుడు మీ వీపు వైపు ఉండేలా చూసుకోండి. పొద్దున పదికీ మధ్యాహ్నం రెండుకీ మధ్య వెలుగు బాగా లోపలికి దిగుతుంది. అక్కడ ఆగి, కాళ్ళు ఆడించడం ఆపి, వేచి ఉండండి. అది పైకి రావడం మొదలుపెట్టినప్పుడు చేయి కిందకు చాచి కెమెరాను నీళ్ళ పైభాగానికి కొంచెం కింద, అడ్డంగా పట్టుకోండి. కిందకు వంచొద్దు. నీళ్ళ లోపలి నుంచి పైభాగాన్ని ఏటవాలుగా చూస్తే అది అద్దంలా పనిచేస్తుంది. తాబేలు పైకి వచ్చేటప్పుడు కింద తాబేలు, పైన తలకిందులుగా ఇంకో తాబేలు, రెండు ముక్కులూ ఒక చోట కలుస్తాయి. ఆ క్షణంలో అది తల బయటకు పెట్టి గాలి పీలుస్తుంది. ఈ షాట్ లైఫ్ జాకెట్ వేసుకున్న అరవై ఏళ్ళ పెద్దమ్మ కూడా తీయగలదు. కర్రతో తాబేలు ముఖం వెంట పడేవాడికి ఇది ఎప్పటికీ దొరకదు, ఎందుకంటే తాబేలు ఆ చివరి అర మీటరు పైకి రాదు.

ఫ్రేమ్‌లో తాబేలు ముందు ఖాళీ వదలండి, అది వెళ్ళే చోటు కనిపించాలి. కెమెరాను దానితో పాటు తిప్పొద్దు. పది సెకన్లు కదలకుండా పట్టుకోండి, అదే ఫ్రేమ్‌లోంచి ఈదుకుంటూ బయటకు వెళ్తుంది. అడుగున ఉన్న గడ్డి కూడా రానివ్వండి. గడ్డి ఉంటే అది ఎందుకు అక్కడికి వచ్చిందో చూసేవాళ్ళకు తెలుస్తుంది. ముఖం మాత్రమే ఉన్న నా వీడియోలో ఆ సముద్రం పెర్హెంతియానో, ఏదో అక్వేరియం తొట్టో కూడా తెలియదు.

"అందరూ కర్రలు పెడుతున్నారు, నేనొక్కడిని మానేస్తే ఏం మారుతుంది?" ఇది కూడా అడిగారు. అదే తెరెంగాను తీరంలో రంతావ్ అబాంగ్ అనే చోటుంది. 1950లలో అక్కడికి ఏటా వేల సంఖ్యలో లెదర్‌బ్యాక్ తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వచ్చేవి. ప్రపంచంలోకెల్లా పెద్ద తాబేళ్ళు. ఇప్పుడు దాదాపు ఒక్కటీ రాదు. గుడ్లు ఏరుకోవడం, చేపల వలలు, ఇవే పెద్ద కారణాలు. టూరిస్టులు ఒక్కళ్ళే ముంచారని నేను అనను. కానీ మా నాన్న కుర్రవాడిగా ఉన్నప్పుడు అక్కడికి వెళ్ళాడు. గుడ్లు పెడుతున్న తాబేలు చుట్టూ టార్చిలైట్లు వేసుకొని జనం గుమిగూడారని, ఒకాయన పిల్లవాడిని దాని వీపు మీద కూర్చోబెట్టాడని నాన్నే చెప్పాడు. నాన్న కూడా టార్చి వేశాడు. "అందరూ వేశారు రా" అన్నాడు. 2012లో వచ్చిన మన 20 రింగిట్ల నోటు వెనక ఆ తాబేలు బొమ్మ ఉంది. నా కూతురు లెదర్‌బ్యాక్‌ను ఆ నోటు మీద మాత్రమే చూసింది.

మలయ్‌లో సముద్రపు తాబేలు పెన్యు, నేల మీది తాబేలు కురా-కురా. తెలుగులో రెండిటికీ తాబేలు అన్న మాటే వాడతాం. మా పెద్దవాళ్ళు వచ్చిన విశాఖ, శ్రీకాకుళం తీరానికి ఇప్పటికీ ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వస్తాయి. నేను ఇంకా చూడలేదు.

ఫ్యామిలీ గ్రూపులో నిన్న రాత్రి పూర్తి వీడియో పెట్టాను, కత్తిరించిన ఆ ఇరవై సెకన్లు కలిపి. పెద్దమ్మ చాలాసేపు ఏమీ రాయలేదు. తర్వాత "పాపం, దానికి ఊపిరి అందిందా?" అని అడిగింది. నేను చూడలేదని రాశాను. నిజంగానే చూడలేదు, "దొరికింది" అని అరుస్తున్నాను కదా.

మేనల్లుడికి జవాబు ఇలా పంపాను: తేలే పిడి కొను, పొట్టి తాడు కొను, మాస్క్ నీ ముఖానికి పెట్టి చూసి కొను. కర్ర వద్దు. శనివారం పొద్దున కెమెరా తీసుకొని కొలను దగ్గరికి రా, ఒక నీళ్ళ సీసాను తాబేలు అనుకొని 3 మీటర్ల నుంచి తీద్దాం. టేపు నేను తెస్తాను.

వాడు బొటనవేలు బొమ్మ పెట్టాడు. కొన్నాడో లేదో శనివారం తెలుస్తుంది.